కుత్తూసి గుచ్చని మూటలు

నాయిన ఇడ్లీ తుంచి చట్నీలో అద్దుతుండగా ఆర్తి వచ్చి ఆయన పళ్లెం పక్కన కుత్తూసి పెట్టింది.

మూట విప్పకుండానే లోపలికి గుచ్చి గుప్పెడు గింజలు బయటికి లాగే ఇనుప గొట్టం అది. మా మండీలో గుమాస్తా రాకపోయినా ఒక పూట గడుస్తుంది గానీ కుత్తూసి లేకుండా గడవదు. కింద గోడకి తగిలించి ఉండాల్సిన వస్తువు. అన్నం తినే చోటికి అది రావడం నేను పుట్టాక చూడటం ఇదే మొదటిసారి.

"తాతా, మా మూటల్లో ఏ మూటకి గుచ్చినారు?" అంది ఆర్తి.

నాయిన చెయ్యి చట్నీలోనే ఆగింది.

"తినే కాడ ఇనుము పెడతారా పాపా? తియ్యి."

"చెప్పండి, తీసేస్తా. ఏ మూటకి?"

"ఏ మూటలే?" అంటూ మా అమ్మ పాపమ్మాళ్ వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఎనక గోడౌన్లో నువ్వుల ఎనకాల తార్పాయి పట్టా కప్పి పెట్టినారే, అవి అవ్వా. నీలి దారంతో మూతి కుట్టినవి. ఆ కుట్టు నేను కుట్టింది. నా కుట్టు నాకు తెలవదా?"

కాఫీ తిరగబోస్తున్న సుధ చేతిలో గ్లాసు పైన, గిన్నె కింద అలాగే నిలిచిపోయాయి. నా భార్య ఏ పనినీ సగంలో ఆపే మనిషి కాదు. నేను ఇడ్లీ మింగేసి మంచినీళ్ళు తాగాను. ఇంట్లో పెద్ద బేరం మొదలయ్యేటప్పుడు నోట్లో ఏమీ ఉండకూడదు.

పోయిన ఆదివారం ఇదే హాల్లో నాయిన ఇచ్చిన తీర్పు అందరికీ గుర్తుంది. కోవిల్‌పట్టి దాటి నల్లరేగడి మధ్యలో ఉన్న మాంటిస్సోరి బడిలో ఆర్తి ఉండి చదువుతోంది. అక్కడ పన్నెండు దాటిన పిల్లలకి చదువంటే సగం పుస్తకం, సగం పొలం. వాళ్ళే విత్తుతారు, వాళ్ళే వండుకుంటారు, పండింది వాళ్ళే అమ్ముతారు. జూన్‌లో తొమ్మిదో తరగతికి విరుదునగర్‌లోనే ఇంగ్లీషు బడికి మార్చాలని సుధ. అక్కడే ఉంటానని ఆర్తి. తేల్చమంటే నాయిన నా వైపు తిరిగి మండీ తీర్పే చెప్పాడు.

"ఈ పిల్లోళ్ళు పండించిన మల్లిని ఎవురన్నా ఒగరు మాలు గుచ్చి, కొరికి, పరీచ్చ చేసి, బేరమాడి కొంటే ఆడనే ఉండనీ. కొనకపోతే అది చదువూ కాదు, యేపారమూ కాదు. పిల్లని పిలుచకరా పిరబా."

ధనియాలని మా ఇళ్ళల్లో మల్లి అనే అంటాం. పిల్లలు పండించింది అదే.

బుధవారం ఎవరో చిన్న వ్యానులో బడికే వచ్చి మూటలన్నీ ఒక్క మాటతో ఎత్తుకుపోయాడని ఆర్తి ఫోన్ చేసింది. ఆ రోజు నుంచి సుధ ఇంగ్లీషు బడి ఊసు ఎత్తలేదు. ఓడితే ఓడానని నోరు మూసుకోవడం ఆమె గుణం. గెలిచిన ఆర్తి మాత్రం ఫోన్లో ఎగరలేదు, గంతెయ్యలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. సరుకు అమ్ముడైనవాడు ముభావంగా ఉన్నాడంటే, తూకంలోనో మనసులోనో ఏదో తేడా ఉన్నట్టే.

నిన్న సాయంత్రం శని ఆదివారాలకని ఇంటికొచ్చింది. సంచి కింద పెట్టీ పెట్టకుండానే గోడౌన్లోకి దూరింది. పిల్లి ఈనిందిగా, కూనల్ని చూడటానికేమో అనుకున్నాను.

"మామా," అంది సుధ. గొంతు పెంచలేదు. "ఆ వ్యాను ఎవురిది?"

"వెళ్ళైసామి బామ్మర్దిది," అన్నాడు నాయిన. వెళ్ళైసామి మా బ్రోకరు. "పాపకి తెలియని మొకం కావాల కదా."

ఆ రెండో మాట ఆయన అనకుండా ఉండాల్సింది. బేరంలో అడగనిది చెప్పకూడదని నాకు నేర్పింది ఆయనే.

"అంటే తీర్పూ మీదే, సాచ్చీ మీదే."

"ఇప్పుడేమైపొయింది సుదా? మల్లి మంచి మల్లి. ఎవురు కొంటే ఏమి?"

"ఎవురు కొంటే ఏమీ కాదు తాతా," అంది ఆర్తి. "ఆయప్ప ఒక్క మూటకి కూడా గుచ్చలేదు. కొరకలేదు. అరిచేతిలో నలపలేదు. అందురూ డాన్సు ఆడినారు, నేను ఆడలేదు. మన అంగడికి వొచ్చేవాళ్ళు అవ్వ చేతి మురుక్కి కూడా ముందు వాసన చూస్తారే! సుమ్మా, ఊరికే నిలబడుకోని, కెంపు రంగు షర్టేసుకోని, 'అంతా ఎత్తుకోండి' అంటే వాడు యేపారస్తుడా?"

మా అమ్మకి నవ్వు ఆగలేదు. "ఈయప్ప ఎప్పుడూ ఇంతే పాపా. నన్ను చూసేదానికి వొచ్చినప్పుడు పత్తి చూసేదానికి వొచ్చినామని చెప్పినాడు మా నాయినకి. ఒగ పొద్దంతా పత్తి చూసినాడు. పాపం, మా నాయిన నిజమే అనుకోని దర కూడా చెప్పినాడు."

"నువ్వు గమ్మునుండు," అన్నాడు నాయిన.

"పత్తి కొన్నారా అవ్వా?"

"యాడ కొన్నాడు! నన్నే ఎత్తకపొయినాడు."

సుధ నవ్వలేదు. గిన్నెనీ గ్లాసునీ బల్ల మీద పెట్టి, చీరకొంగుతో చేతులు తుడుచుకుని నాయినకి ఎదురుగా కూర్చుంది. మామగారి ఎదుట ఆమె కుర్చీలో కూర్చోవడం పండగ భోజనాలప్పుడే చూస్తాం.

"మామా, మీరు నేరుగా 'పిల్ల ఆడనే ఉండనీ' అని ఉంటే నేను కొట్లాడేదాన్ని. ఓడేదాన్నో, గెలిచేదాన్నో. ఇట్ల తార్పాయి కప్పి గెలిస్తే ఏమర్తం? నా మాటకి మీ తక్కెట్లో పడికట్టు రాయంత బరువు కూడా లేదని కదా?"

నాయిన పళ్లెం పక్కకి జరిపాడు.

"మా ఊరు తిరుచ్చులి పక్కన," అంది సుధ. ఇది మా అందరికీ తెలిసిన సంగతే. ఐనా ఎవరం అడ్డం రాలేదు. "వానొస్తే పంట, రాకపోతే దుమ్ము. పిల్లోళ్ళు మట్టి పిసికితే చదువంటుండారే, నేను పిసకలేదా మట్టి? ఆ మట్టిలోంచి నన్ను బయిటికి తెచ్చింది మార్కులు. ఈ మండీ జీఎస్టీ లెక్క ఈ పొద్దు నేను ఏస్తుండానంటే ఆ మార్కులే. మట్టిలోంచి వొచ్చినదాన్ని, నా బిడ్డని ఫీజు కట్టి మట్టిలోకి పంపీమంటారా?"

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేను చిన్నప్పట్నుంచీ చూసిన బేరాల్లో అన్నిటికంటే కష్టమైనవి ఇవే, రెండు వైపులా సరుకు మంచిదే అయినవి.

"అమ్మా," అంది ఆర్తి, "తాత చేసింది తప్పే. అందుకే ఈ బేరం కేన్సల్. రాత్రే మా బడి ఆనందన్నకి ఫోన్లో చెప్పినాను. ఆడ అందురూ కూచోని మీటింగు పెట్టినారు. డబ్బు వాపసు ఇచ్చేసి మూటలు తీసుకుంటాం. బస్సెక్కినారు, వొస్తుండారు."

ఈసారి సుధ తలెత్తి కూతుర్ని చూసింది. లేచి కాఫీ మళ్ళీ వేడి పెట్టడానికి వంటింట్లోకి పోయింది.

ఆర్తి కుత్తూసి తీసుకుని కిందికి దిగుతుంటే మెట్ల మీద ఆపాను.

"బేరం పోతే ఏం పోతాదో తెలుసు కదా నీకు?"

"తెలుసప్పా. బడి పోతాది."

"నోరు మూసుకోని ఉంటే ఉండేది కదా? ఎవురికీ తెలిసేది కాదు."

కుత్తూసి మొన మీద వేలు రుద్దుకుంటూ కొంచెం ఆలోచించింది. నీతి చెబుతుందేమో అనుకున్నాను. చెప్పి ఉంటే నేను విని ఊరుకునేవాణ్ణి.

"వొచ్చే యేడు కూడా మల్లి ఎయ్యాలప్పా. ఈ యేడు ఏం తప్పు చేసినామో ఎవురూ చెప్పకపోతే వొచ్చే యేడూ అదే చేస్తాం. తాత గుచ్చకుండా కొన్నాడు, అందుకే మాకు ఏమీ తెలవలేదు. మా మల్లి మంచిదా చెడ్డదా అనేది కూడా తెలవలేదు."

"వొచ్చే యేడు నువ్వు ఆడ ఉంటే కదా!"

"నేను లేకపోతే మిగతావాళ్ళు ఉంటారు కదా," అని దిగిపోయింది.

మా వంశంలో అందరికీ లాభం కనబడుతుంది. తను దుకాణంలో లేని ఏడాది లాభం కూడా చూడగలిగిన వాళ్ళని నేనైతే ఇంతవరకు చూడలేదు.

*

ఆనంద్‌కుమార్ కూడా ఇంట్లో తెలుగు మాట్లాడే మా వాళ్ళ పిల్లాడే. అరుప్పుకోట వైపు మరమగ్గాల ఇల్లు. మూటలు కుట్టిన నీలి దారం ఆ మగ్గాల మీద మిగిలిందే. బడిలో పిల్లలు ఆయన్ని సారు అనరు, అన్న అంటారు. మొదట్లో అది నాకు నచ్చలేదు. తర్వాత చూస్తే, సారుతో అబద్ధమాడినంత సులువుగా అన్నతో ఆడలేరని తెలిసింది.

ఆయన వెంట నలుగురు పిల్లలు వచ్చారు. వాళ్ళలో కుమారవేల్ అనేవాడు తాయిల్పట్టి కుర్రాడు. ఇంట్లో పట్టాసుల పని, వాడి మాటా అలాగే పేలుతుంది. గోడౌన్లో అడుగు పెట్టీ పెట్టకముందే అరవంలో మొదలుపెట్టాడు.

"నేను ఒద్దనే చెప్పాను. డబ్బుకి మొహం ఉంటుందా? ఇచ్చినవాడు ఎవరైతేనేం? మీటింగులో నేనొక్కణ్ణే అయిపోయాను."

"నువ్వు ఒక్కడివే కాదు, ఇద్దురు," అంది ఆర్తి. "రెండోవాడు ఈడ నిలబడుకోనుండాడు, మా తాత."

పిల్లలందరూ నవ్వారు. నాయిన కూడా, మీసం కింద.

ఆనంద్‌కుమార్ కవరు తీసి రెండు చేతులతో నాయినకి అందించాడు. నాయిన తీసుకుని లెక్కపెట్టకుండా బనీను జేబులో పెట్టుకున్నాడు. ఆయన లెక్కపెట్టకపోవడం చూసి నాకు అర్థమైంది, ఆయన సిగ్గుపడుతున్నాడు.

"ఇప్పుడు గుచ్చండి తాతా," అంది ఆర్తి.

నాయిన కుత్తూసి అందుకున్నాడు. కొత్తవాళ్ళు మూటకి మూతి దగ్గర గుచ్చుతారు. మూతి దగ్గర ఎప్పుడూ మంచి గింజే ఉంటుంది. నాయిన వంగి, పొట్ట కింద ఒక చోట వేలితో తట్టి, అక్కడ గుచ్చాడు. గొట్టంలోంచి గింజలు అరచేతిలోకి జారాయి. ఆయన కళ్ళతో చూడలేదు. ముందు చెంపకి ఆనించుకున్నాడు.

తీసి, ఇంకో చెంపకి ఆనించుకున్నాడు.

"ఏమి తాతా?"

ఆయన గుప్పిట ఆర్తి చెంపకి ఆనించాడు. ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి.

"ఎచ్చగా ఉండాది!"

"ఉడుకుతా ఉండాది పాపా. మీదంతా పచ్చరంగు, లోపలంతా చెమట. ఇంగొక వారం ఇట్లే పెట్టుంటే బూజు పట్టేసుండును. పశువు కూడా ముట్టదు."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుమారవేల్ పేలాడు.

"నీడలో ఆరబెట్టాలన్నది ఎవరు? ఆర్తి! ఎండలో పోస్తే రంగు పోతుంది, నీడలో పోస్తే పచ్చగా ఉంటుంది, రంగుకే ధర అన్నది ఎవరు? ఆర్తి!"

"అది నిజమే," అన్నాడు నాయిన. "రంగుకే దర."

"ఆరిపోయింది, మూట కట్టేద్దాం అన్నదీ ఆర్తే! కొరికి చూసి, కరకరమంటోంది అంది!"

ఆర్తి మొహం ఎర్రబడింది. ఈ పిల్ల మూడేళ్ళ వయసులో మండీలో తప్పు చేసి దొరికితే మూటల వెనక దాక్కునేది. ఇప్పుడు దాక్కునే చోట్లు చుట్టూ బోలెడున్నాయి.

"మీదవి కొరికినాను," అంది. "కుప్పలో అడుగువి కొరకలేదు. ఆ పొద్దు వంట వంతు కూడా నాదే. తొందరగా పోవాలని మీదవే కొరికి చెప్పేసినాను. తప్పు నాది." అదే మాట అరవంలో కుమారవేల్‌కీ, మిగతా పిల్లలకీ ఇంకోసారి చెప్పింది.

కుమారవేల్‌కి ఇంకా పేలే మందు ఉంది గానీ, నిప్పు దొరకలేదు.

"సగం తప్పు నాది," అన్నాడు నాయిన ఉన్నట్టుండి. "బుదవారమే గుచ్చుంటే బుదవారమే తెలిసుండును. గుచ్చొద్దని చెప్పి పంపించింది నేనే. గుచ్చితే ఏదో ఒగ కొరత బయిటపడ్తాది, దర తగ్గించాల్సొస్తాది, పిల్లోళ్ళ మొకాలు చిన్నబోతాయని..." కుత్తూసిని చేతిలో తిప్పుకున్నాడు. "జన్మంతా గుచ్చినాను. ఒగే ఒగ తూరి గుచ్చొద్దన్నాను. ఆ మూటే ఉడికింది."

అప్పుడు మెట్ల మీద అలికిడి విని తల తిప్పాను. గోడౌన్ వెనక తలుపు దగ్గర సుధ నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచో తెలియదు.

*

ఆ తర్వాత మాటలు తక్కువ, పని ఎక్కువ. పిల్లలు మూటలు ఈడ్చుకొచ్చి వెనక సరుకు ఆరబోసే సిమెంటు కళంలో బోర్లించారు. శివరాత్రి వచ్చే మాసి నెల ఎండ, బాగా కాస్తోంది. ఆవిరి ఎగిరినట్టు కుప్పలోంచి వాసన లేచి వీధిలో దాకా పోయింది. ఎదురింటి వాళ్ళు ఇంటికి మసాలా పొడి అప్పుడే కొడుతున్నారా అని అడిగారు.

ఆనంద్‌కుమార్ తను చెయ్యి పెట్టలేదు. పెట్టలేక కాదు. పిల్లలు చెక్కపారతో మందంగా పరుస్తుంటే, ఇంకా పల్చగా అని చెప్పాలని నా నోటి దాకా వచ్చింది. ఆయన నన్ను చూసి కొంచెం తల అడ్డంగా ఊపాడు. నేను మింగేశాను. కాసేపటికి పిల్లలే కిందికి వేళ్ళు పెట్టి చూసుకుని, తిట్టుకుని, పల్చగా పరిచారు. పనివాళ్ళని ఎదురుగా పెట్టుకుని పని చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆయన చేసే ఉద్యోగం అదేనని అప్పుడు తెలిసింది.

సుధ ఆయనకి కాఫీ తెచ్చి ఇచ్చింది. ఇచ్చి పోలేదు.

"పదో తరగతి పరీచ్చ రాపిస్తారా తమ్ముడూ?"

"రాపిస్తామక్కా. చదువు మానేసి పొలం కాదు మాది. ఈ మల్లిలోనే కెమిస్ట్రీ వొస్తాది, లెక్కలొస్తాయి. ఈ వయసులో పిల్లోళ్ళ ఒళ్ళు మారుతా ఉంటాది, మనసు మారుతా ఉంటాది. ఒగే చోట కూచోబెట్టి మూతి కుట్టేస్తే..." అని, కళంలో ఆరుతున్న మల్లిని చూసి, తనే నవ్వేశాడు. "మీకే కనబడ్తా ఉండాది."

"మార్కులు?"

"రాస్తారు, పాసౌతారు. ఎన్నొస్తాయని మాత్రం నేను మాటియ్యలేనక్కా."

"ఇంగ్లీషు బడివాళ్ళు ఇచ్చినారే!"

"వాళ్ళు ఇస్తారు."

సుధ అతని మొహంలోకి చూసింది. ఖాళీ గ్లాసు తీసుకుని వెనక్కి తిరుగుతూ, "మీరన్నా ఉన్నమాట చెప్పినారు," అంది. అది మెచ్చుకోలో నిష్ఠూరమో తెలియలేదు. నా భార్య మాటలకి తూకం తెలుసు గానీ ధర తెలియదు నాకు.

మధ్యాహ్నం పిల్లలందరికీ మా అమ్మ చేతి నూనె పరోటాలు. కుమారవేల్ తిన్న లెక్క చూసి మా అమ్మ మురిసిపోయి, "ఈ పిల్లోడికి ఏ బడైనా ఒగటే, వంటిల్లుంటే చాలు," అంది.

పొద్దు వాలేసరికి గింజ చల్లబడింది. మొత్తం పోలేదు. చాలా మటుకు నిలబడింది. అడుగున బాగా ఉడికిన గింజ ఒక మూట దాకా రంగు తిరిగింది. పిల్లలు దాన్ని విడిగా గోడవార పోశారు. నాయిన కళం అంచున స్టూలు వేసుకుని కూర్చుని, గుప్పెడు తీసి నలిపి, వాసన చూసి, కొరికి, ఊసి, "ఇప్పుడు నేను కొంటాను. గుచ్చినాను కదా!" అన్నాడు.

"మీకు అమ్మం తాతా," అంది ఆర్తి.

"ఎందుకో?"

"మా మూటలంటే మీ చెయ్యి మెత్తగా ఉండాది. సోమవారం వేరే మండీకి తీసుకపోతాం."

మా అమ్మ పగలబడి నవ్వింది. విరుదునగర్ బజారులో మా నాయిన లక్ష్మణసామి చెయ్యి మెత్తనిదని ఇంతవరకు ఎవరూ అనలేదు. నాయిన కోపం తెచ్చుకోవాలని చూశాడు గానీ అది రాలేదు.

నాకు మాత్రం లోపల ఒక లెక్క తెగలేదు. సోమవారం వేరే మండీవాళ్ళు చూస్తారు. ఒకసారి ఉడికిన సరుకని వాసనతోనే పడతారు. కొంటారో, తిప్పి పంపుతారో. తిప్పి పంపితే నాయిన తీర్పు తీర్పే. ఈసారి తార్పాయి కప్పడానికి ఎవరూ ఉండరు. ఆర్తికి అదంతా తెలుసు. తెలిసే మొలకి చున్నీ బిగించుకుని చీపురుతో అంచులు ఊడుస్తోంది.

అప్పుడు సుధ చేట పట్టుకుని కళంలోకి దిగింది.

మాసి నెలలో మా ఇళ్ళ ఆడవాళ్ళు ఏడాదికి సరిపడా మిరపకాయలు, మల్లి, పసుపు కొని, ఎండబెట్టి, పొడి కొట్టించి జాడీలకెత్తుతారు. మండీ మాదే అయినా మా ఇంటికి సరుకు మండీలోంచి ఊరికే రాదు. సుధ వచ్చి నాలుగు లాట్లు చూసి, మూడు తోసేసి, ఒకటి ఎంచుతుంది. పెద్ద పెద్ద మిల్లులకి సరుకు పంపే మా గుమాస్తా కూడా ఆ రోజు సుధ కంటబడకుండా తిరుగుతాడు. ఈ ఏడు ఆమె ఇంకా కొనలేదు.

ఆమె చెప్పులు వదిలి, గింజల మధ్య పిల్లలు వదిలిన సందులో నడిచి, నడిమధ్యన కూర్చుంది. పైవి తోసేసి అడుగు నుంచి గుప్పెడు తీసింది. చేటలో వేసి ఒక్క చెరుగు చెరిగింది. పొట్టు గాలికి పోయింది. అరచేతిలో నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

ఆమె కొంటే ఏమవుతుందో ఆమెకి తెలుసు. నాయిన తీర్పులో 'ఎవురన్నా ఒగరు' అని ఉంది, 'సుధ తప్ప' అని లేదు. తను వద్దన్న బడికి తన చేత్తోనే కూతుర్ని పంపినట్టవుతుంది. ఆ సంగతి ఆర్తికీ తెలుసు. కుమారవేల్‌కి తెలియదు. వాడు నోరు తెరవబోతే ఆనంద్‌కుమార్ భుజం మీద చెయ్యి వేశాడు.

"దీంట్లో కొరతేమి?" అంది సుధ. కొత్త మండీలో కొత్త మనిషిని అడిగినట్టు అడిగింది.

"ఒగ తూరి మూటలో ఉడికింది," అంది ఆర్తి. "చల్లార్చినాము. వాసన కొంచెం తగ్గింటాది. ఆ గోడవారది చెడిపొయింది, అది తీసుకోవొద్దు. ఈ పక్కది బాగుండాది, కానీ రాయి ఉండాది. మేం సరిగా జల్లించలేదు."

"అమ్మేవాళ్ళు ఎవురన్నా ఇట్ల చెప్తారా?"

"మీరు ఎట్లాగూ కనుక్కుంటారు కదా!"

సుధ పెదవి మీద ఏదో కదిలి మళ్ళీ సర్దుకుంది. ఒక గింజ పంటి కింద పెట్టి కొరికింది. టప్పున పగిలింది. ఆ చప్పుడు నాయిన స్టూలు దాకా వినబడింది.

"ఏం దర?"

ఆర్తి చెప్పింది. బజారు ధరకి కొంచెం తక్కువ. ఉడికినందుకు తగ్గించుకుని, రంగుకి పెంచుకుని, తనే కట్టిన ధర. నేనైతే ఇంకొంచెం తగ్గించి చెప్పేవాణ్ణి.

"దాంట్లో సగం ఇస్తా," అంది సుధ.

"ఆ దరకి రాదమ్మా."

"అయితే నీ మల్లి నీ దగ్గరే పెట్టుకో."

"సరి," అంది ఆర్తి, చీపురు మళ్ళీ అందుకుని. "సోమవారం మండీకి తీసుకపోతాం."

నాయిన తల పక్కకి తిప్పుకుని నువ్వుల మూటల్ని చూస్తున్నాడు. ఆయన భుజాలు కదలడం నాకు కనబడుతూనే ఉంది. బేరంలో లేచిపోయే సరుకుదారు గెలుస్తాడు, లేకపోతే అంతా పోగొట్టుకుంటాడు, మధ్యేమార్గం లేదు అని ఆయన నాకు నేర్పిన రోజు ఇలాగే నవ్వుకున్నాడు.

సుధ లేచి నిలబడింది. చేట దులిపింది. చీర అంచుకి అంటిన గింజలు ఒక్కొక్కటే ఏరి కుప్పలో వేసింది. తలుపు దాకా వెళ్ళింది.

అక్కడ గోడకి నాయిన మళ్ళీ తగిలించిన కుత్తూసి ఉంది. దాన్ని తీసుకుంది. కళంలో చోటు చాలక, రేపు ఆరబోద్దామని విప్పకుండా పక్కన పెట్టిన ఒక్క మూట తలుపు దగ్గర నిలబడి ఉంది. మూతికి నీలి దారం ఇంకా బిగువుగానే ఉంది.

ఆ మూట పొట్ట కింద వేలితో తట్టి చూసుకుంటూ, కూతురి వైపు తిరక్కుండానే అంది:

"ఇది కూడా చూసినాకే చివరి మాట. నువ్వు ఈ లోపల కూచోని బాగా ఆలోచించి దర చెప్పు."